బియ్యపు గింజంత సందు

కుళ్లాయప్ప కాలికి కళ్లున్నాయని హిందూపురం డ్రైవర్లు అనేవాళ్లు. వాళ్లు అన్నారంటే అన్నారు, వినీ వినీ కుళ్లాయప్ప కూడా నమ్మేశాడు. చిక్కంతా అక్కడొచ్చింది. మనిషిని పొగిడి చెడగొట్టినంత సులువుగా తిట్టి చెడగొట్టలేం.

అనడానికి కారణం లేకపోలేదు. బండి షెడ్డులోకి రాగానే ఆయన చెప్పులు విడిచి డ్రైవర్ సీట్లో కూర్చునేవాడు. ఉత్త కాలితో క్లచ్ ఒకసారి, బ్రేకు ఒకసారి మెల్లగా తొక్కి, కళ్లు మూసుకుని, "కేబుల్ సాగింది" అనో, "ఇంగ రెండు చుట్లు బిగించల్ల" అనో చెప్పేవాడు. విప్పి చూస్తే చెప్పింది చెప్పినట్టే ఉండేది. ఈ విద్య ఆయన ఏ ఐటీఐలోనూ నేర్వలేదు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా ధర్మవరంలో గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసినవాడు. గుంటలో కాళ్ల కింద కర్రలుంటాయి. వాటిని తొక్కితేనే పోగులు పైకీ కిందికీ విడతాయి. ఆ కర్రలకు కట్టిన తాళ్లలో వేలెడు వదులున్నా నేత తప్పుతుంది, అంచు వంకర పోతుంది. వాళ్ల నాయన మొదటి రోజే చెప్పాడు: "కాలు ఆనీ ఆనకముందే కర్ర కదలల్ల రా. కాలికింద వదులుందంటే కడుపున తడిగుడ్డే."

మరమగ్గాలొచ్చి చేతిమగ్గాల నోట్లో మన్ను కొట్టాక కుళ్లాయప్ప మగ్గం అమ్మేసి, భార్య రామాంజినమ్మను వెంటబెట్టుకుని హిందూపురం చేరాడు. ఒక ముసలి మెకానిక్ దగ్గర చూసి నేర్చుకుని, ఆయన పోయాక ఆ షెడ్డే తను నడుపుకుంటున్నాడు. మగ్గం పోయింది గానీ నాయన మాట పోలేదు. ఏ పెడల్ అయినా సరే, కాలు ఆనగానే పని చేయాలి. వదులంటే ఆయనకు ఒళ్లుమంట.

ఒక ఎర్ర కారు షెడ్డుకు వచ్చింది కిందటేడు ఏప్రిల్‌లో. తెచ్చింది రామాంజినమ్మ తమ్ముడు ఉలిగప్ప. ధర్మవరంలో శివకృష్ణ అనే పట్టుచీరల వ్యాపారి దగ్గర ఎనిమిదేళ్లుగా డ్రైవరు. తల్లి చిన్నప్పుడే పోతే రామాంజినమ్మే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. స్టీరింగ్ పట్టడం నేర్పింది కుళ్లాయప్ప. తాగడు, తూలడు, ముందుపోయే బండిని దాటాలంటే మూడుసార్లు ఆలోచిస్తాడు. "చీమ అడ్డమొచ్చినా హారన్ కొడతాడు మా బామ్మర్ది" అని కుళ్లాయప్ప నలుగురిలో ఏడిపించేవాడు.

కారు మాత్రం ముచ్చటైనది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు పొడుగు, నేలకు జానెడు ఎత్తు. అరవై ఏళ్ల కిందట ఇంగ్లాండులో చేసిందట. శివకృష్ణ బెంగుళూరులో ఎవరి దగ్గరో మోజుపడి కొన్నాడు. శుక్రవారం కొత్త షోరూము తెరుస్తున్నాడు. ముందర ఎర్ర కారు, కారు మీద పట్టుచీర, పక్కన తను. కారు తనే తోలుకుంటూ రావాలని ఆయన సరదా. ఆ సరదాకు అడ్డొచ్చినవి పెడళ్లు.

"క్లచ్ యాడో పైన ఉండాది బావా, బ్రేకు యాడో కింద ఉండాది," అన్నాడు ఉలిగప్ప. "సారు కాళ్లు పొట్టి. బ్రేకు అందడం లేదంట. రెండూ సమంగా చేసి పెట్టమన్యాడు. రేపు సాయంత్రానికంతా ధర్మవరంలో ఉండల్ల."

"అదెంత పని!"

"బండితో పాటు పుస్తకం గూడా వచ్చిందంట. సీటు కింద పెట్టినా. చూస్తావేమో అని."

"నా కాలికి పుస్తకం చదివి చెప్తావేమబ్బా?" అని నవ్వాడు కుళ్లాయప్ప. ఉలిగప్ప కూడా నవ్వి ఊరుకున్నాడు.

మరునాడు పొద్దున్నే పనిలోకి దిగాడు. తల కిందా కాళ్లు పైనా పెట్టి, ఆ ఇరుకు సందులో దూరి, పెడళ్ల వెనక ఏముందో చూశాడు. క్లచ్ సంగతి సులువు. వెనక ఆపే బోల్టు ఒకటుంది, దాన్ని తిప్పి పెడల్‌ను కొంచెం దించాడు. ఇక బ్రేకును పైకి లేపాలి. బ్రేకు పెడల్ వెనక వేలంత ఇనుప రాడ్ ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ రాడ్ పోయి మాస్టర్ సిలిండర్‌లో ఉన్న పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ ఆయిల్‌ను తోస్తుంది, ఆయిల్ పోయి చక్రాల దగ్గర బ్రేకు పట్టిస్తుంది. రాడ్ కొసకూ పిస్టన్‌కూ మధ్య బియ్యపు గింజ మందం సందుంది. కాలు పెడితే ఆ కాస్త దూరం పెడల్ ఊరికే ఆడుతోంది.

వదులు! కుళ్లాయప్పకు నవ్వొచ్చింది. అరవై ఏళ్లుగా ఎవడూ దీన్ని సరిగ్గా చూడలేదని అనుకున్నాడు. ఇప్పటి కార్లలో ఆ రాడ్ జోలికి ఎవరూ పోరు, కంపెనీవాడు పెట్టిందే పెట్టు. కాబట్టి ఆ సందు అక్కడ ఎందుకుందో ఆయనకు తెలుసుకునే అవసరం ఎన్నడూ పడలేదు. నట్టు వదులు చేసి, రాడ్‌ను చుట్టు మీద చుట్టు తిప్పి పొడిగించాడు. పెడల్ లేచి క్లచ్ పక్కకు వచ్చి నిలబడింది. రాడ్ కొస పిస్టన్‌కు గట్టిగా ఆనుకుంది. నట్టు బిగించి, బయటికొచ్చి, చెప్పులు విడిచి, ఉత్త కాలు ఆనించాడు. కాలు ఆనీ ఆనకముందే బ్రేకు పట్టింది. ఆ క్షణాన ఆయనకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాళ్ల నాయన ఉంటే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాడు.

వీధిలో నాలుగు చుట్లు కొట్టి చూశారు. కారు నిలవమన్న చోట నిలిచింది.

"కాలు పెడితే చాలు, నిలబడతాండాది బావా!" అన్నాడు ఉలిగప్ప.

రామాంజినమ్మ పెట్టిన ముద్ద తిని, రెండింటికి వాడు ధర్మవరం బయల్దేరాడు. గంట తర్వాత సోమందేపల్లి నుంచి ఫోన్ చేశాడు. టీ తాగుతున్నాడట.

"బావా, బండి ఎవురో ఎనక పట్టుకొని ఈడ్చినట్లుండాది. ఏందో కాలిన వాసన గూడా వస్తాంది."

కుళ్లాయప్ప అప్పుడు ఒక ఆటో ఇంజన్‌లో చేతులు పెట్టి ఉన్నాడు. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడాడు. "అరవై ఏండ్ల ముసల్ది, ఎండ చూస్తే ఇట్లుండాది. వాసన రాకుండా అత్తరు వస్తాదా? మెల్లగా పోబ్బా."

వాడు మెల్లగానే పోయాడు. బావ మాట వాడికి వేదం.

పెనుకొండ దాటి ధర్మవరం రోడ్డెక్కాక ఒక దిగుడు వస్తుంది. కింద మలుపులో గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. హనుమక్క అనే అరవై ఏళ్ల మనిషి కట్టె పట్టుకుని మంద వెనకాల నడుస్తోంది. ఉలిగప్ప బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకు పోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ నేలకే పోయింది. హ్యాండ్ బ్రేకు లాగాడు, గేరు తగ్గించాడు, హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. గొర్రెలు చెదిరి పక్కకు పోయాయి. హనుమక్క మాత్రం వెనకబడిన పిల్లనొకదాన్ని తోలబోయి రోడ్డు మధ్యలో ఉండిపోయింది.

వాడు పారిపోలేదు. ఆమెను ఎత్తుకుని, వచ్చే ఆటోను ఆపి, ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారిలోనే ఆమె ప్రాణం పోయింది. ఆ రక్తం చొక్కాతోనే నడుచుకుంటూ పోయి స్టేషన్‌లో కూర్చున్నాడు. "బ్రేకు పడలేదు సార్" అన్నాడు. అడిగినవాడికీ అడగనివాడికీ ఆ మాటే చెప్పాడు.

మరునాడు పొద్దున జనం బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలిచే ఆఫీసరు వచ్చి కారు నడిపి చూశాడు. వంద గజాలు పోయి తొక్కితే కారు గుంజ పాతినట్టు నిలబడింది. పదిసార్లు తొక్కాడు, పదిసార్లూ నిలబడింది. బ్రేకులు దివ్యంగా ఉన్నాయని రాసి సంతకం పెట్టి పోయాడు. ఆయనను అనడానికేమీ లేదు, కళ్లముందు ఉన్నదే రాశాడు. పోలీసులు కుళ్లాయప్పకూ ఫోన్ చేశారు. "ఫస్టు క్లాసుగా ఉండె సార్, నా చేత్తో చేసినా" అన్నాడు. అప్పటికి ఆయన మనసులో కల్మషం లేదు, నిజమనుకునే చెప్పాడు.

బ్రేకు బాగుంటే మనిషి ఎట్లా చచ్చిపోయింది? దీనికి జవాబు ధర్మవరంలో ఎవరో చెప్పారు, అందరూ అందుకున్నారు. రెండు పెడళ్లూ ఒకే ఎత్తున ఉన్నాయి, వాడికి కారు కొత్త, బెదురులో బ్రేకనుకుని క్లచ్ తొక్కాడు. క్లచ్ తొక్కితే బండి ఆగుతుందా, ఇంకా జారుతుంది. కుళ్లాయప్పకు కూడా ఈ మాట సబబుగానే తోచింది. పాపం పిల్లోడు, కాలు తప్పిందని భార్యతో అన్నాడు. రామాంజినమ్మ ఏడ్చింది. ఉలిగప్ప బెయిలు మీద బయటికొచ్చాడు. లైసెన్సు పోయింది, శివకృష్ణ పనిలోంచి తీసేశాడు, కేసు నిలబడింది.

కారు ఇరవై రోజులు స్టేషన్ ముందర ఎండింది. విడిపించుకున్నాక శివకృష్ణ దాని మొహం చూడనన్నాడు. సొట్టపోయిన ముందుభాగం సరిచేస్తే బెంగుళూరువాడే తిరిగి కొంటానన్నాడని, లారీ మీద కుళ్లాయప్ప షెడ్డుకే పంపాడు. రేకు సరిచేసి, లైటు మార్చి, ఒకసారి తోలి చూద్దామని కుళ్లాయప్ప మిట్టమధ్యాహ్నం లేపాక్షి రోడ్డెక్కాడు.

పది కిలోమీటర్లు పోయేసరికి కారును ఎవరో వెనక పట్టుకుని ఈడుస్తున్నట్టు అనిపించింది. ఈ మాట ఎక్కడో విన్నానే అనుకున్నాడు. ఇంకో నాలుగు కిలోమీటర్లకు కాలిన వాసన తగిలింది. ముందర ట్రాక్టరు అడ్డం తిరుగుతోంది. తొక్కాడు. కళ్లున్న కాలు నేలదాకా పోయింది. కారును పక్కకు తిప్పి కంపచెట్లలోకి దూర్చాడు. మొహం గీసుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు.

దిగి చక్రం దగ్గర చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది. అక్కడే చెట్ల పక్కన కూలబడ్డాడు. గంట గడిచాక లేచి పెడల్ తొక్కి చూశాడు. రాయిలా గట్టిగా ఉంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు తొక్కింది ఇదే పెడల్.

సీటు కింద ఉన్న పుస్తకం తీశాడు. ఇంగ్లీషు రాదు గానీ బొమ్మకు ఇంగ్లీషు అక్కర్లేదు కదా. రాడ్, పిస్టన్, రెండింటి మధ్య సందు, ఆ సందును చూపిస్తూ రెండు బాణాలు. చూడగానే అంతా అర్థమైపోయింది. కాలు తీసినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి, అప్పుడే చక్రాల దగ్గరికి పోయిన ఆయిల్ సిలిండర్ పైనున్న డబ్బాలోకి తిరిగొస్తుంది. సందు లేకపోతే రాడ్ పిస్టన్‌ను రానివ్వదు. ఆయిల్ అక్కడే ఇరుక్కుంటుంది, బ్రేకు కొంచెం కొంచెంగా పట్టుకునే ఉంటుంది, రాపిడికి చక్రాలు కాలతాయి, ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. బుడగలను తొక్కితే బ్రేకు పడదు. చల్లారితే బుడగలు పోతాయి, ఏమీ ఎరగనట్టు బ్రేకు మళ్లీ వస్తుంది.

ఉలిగప్ప బ్రేకే తొక్కాడు. హనుమక్కను చంపింది తను. సోమందేపల్లిలో వాడు ఫోన్ చేసి మరీ చెప్పాడు, అప్పుడైనా ఆపమనలేదు. కన్నబిడ్డలాంటి వాడి నెత్తిన హత్య పెట్టి, పాపం పిల్లోడని జాలి కూడా పడ్డానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

గేర్ల మీద మెల్లగా షెడ్డుకు తెచ్చి, మొదట చేసిన పని ఏమిటంటే, లోపల దూరి రాడ్‌ను వెనక్కి తిప్పి సందు పెట్టేశాడు. ఇంకెవరి ప్రాణమూ పోకూడదని చేశానని ఆ తర్వాత వంద సార్లు చెప్పుకున్నాడు. అది నిజమే. తన తప్పు కంటికి కనబడకుండా పోవాలని చేసిందీ నిజమే. మనిషి చేతులు ఒకేసారి రెండు పనులూ చేయగలవు. నాలుగో రోజున బెంగుళూరువాడు వచ్చి కారు తోలుకుపోయాడు. పుస్తకం కూడా దాంతోనే పోయింది.

చెప్పేద్దామనే అనుకున్నాడు. రామాంజినమ్మ ముందు రెండుసార్లు నోరు తెరిచాడు. తమ్ముడి పేరెత్తగానే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఈ నీళ్లు రేపు తన వైపు ఎట్లా తిరుగుతాయో తలుచుకునేసరికి తెరిచిన నోరు మూతపడేది. షెడ్డు మూతపడుతుంది, పోలీసులొస్తారు, కాలికి కళ్లున్నాయన్న ఊరే కాలు విరగ్గొడుతుంది. ఇట్లాంటి కేసుల్లో జుల్మానా వేసి వదిలేస్తారని ఎవరో అంటే ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఉలిగప్ప వచ్చాడు. మనిషి సగమయ్యాడు. షెడ్డులో టైరు మీద కూర్చున్నాడు.

"బావా, ఒక మాట అడుగుతా. పెడళ్ల సంగతి నీకన్నా తెలిసినోడు లేడు. అందరూ నేను క్లచ్ తొక్కినానంటాండారు. నాకి బ్రేకే తొక్కినట్లుండాది. రేయింబగళ్లు అదే తలుచుకొని తలుచుకొని ఇప్పుడు నా మాట మీద నాకే నమ్మకం లేకుండా పాయ. నువ్వు చెప్పు. కాలు తప్పింటాదా?"

వాడి కళ్లు కుళ్లాయప్ప మొహం మీదే ఉన్నాయి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"తప్పింటాదబ్బా," అన్నాడు. "బెదురులో ఎవరికైనా తప్పుతాది."

"బ్రేకు బాగుండె గదా?"

"బాగుండె."

ఉలిగప్ప తల ఊపాడు. క్లచ్ తొక్కే ఎడమ కాలి వైపు చూసుకున్నాడు. "అయితే నేనే," అని లేచి వెళ్లిపోయాడు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ అబద్ధం అతికి ఊరుకోలేదు, వాడి ఒంట్లో కలిసిపోయింది. మరునాడే హనుమక్క ఊరికి పోయి ఆమె మొగుడు ఓబులేసు కాళ్ల మీద పడి, కాలు తప్పి క్లచ్ తొక్కితి, మీ ఇంటిదాన్ని నేనే చంపితి అని చెప్పుకున్నాడు. ఆ ముసలాయన మొదట కట్టె ఎత్తాడు. తర్వాత ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఉలిగప్ప ఎడమ కాలికి చెప్పు వేసుకోవడం మానేశాడు. తాడిమర్రి దాకా కూలికి పోయేవాడు, ఎండలో, ముళ్లల్లో, ఒంటి చెప్పుతో. వాడి పెళ్లాం మల్లిక ఏడ్చి మొత్తుకున్నా వినలేదు. పొరపాటు చేసిన కాలు అది, మాడనీ అనేవాడు. ఊళ్లో కొందరు నవ్వారు, కొందరు జడిశారు.

కోర్టు వాయిదాలు పడి పడి సాక్ష్యాల దాకా వచ్చేసరికి ఏడాది దాటింది. ఉలిగప్ప తరఫు లాయరు రేఖ కుళ్లాయప్పను సాక్షిగా పిలిచింది. చెప్పాల్సింది ముందే నేర్పింది.

"రెండు పెడళ్లూ సమానం చేశానని చెప్పండి చాలు. కొత్త బండి, కొత్త ఎత్తు, కాలు పొరబడింది, అంతేగానీ వేగంగా నడపలేదని నేను వాదిస్తాను. శిక్ష తగ్గుతుంది."

ఆ రోజు కోర్టు ఆవరణలో ఉలిగప్ప ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాడు. ఎడమ పాదం పగిలి, చీము పట్టి, గుడ్డ పీలిక చుట్టి ఉంది. పక్కన ఓబులేసు. సొంత మనిషికి అందించినట్టు వాడికి నీళ్ల బాటిల్ అందిస్తున్నాడు.

"ఈ అబ్బి నెలకొకసారి వచ్చి మా గొర్లకు ఆకు కొట్టిచ్చి పోతాడప్పా," అన్నాడు ఓబులేసు కుళ్లాయప్పతో. "తప్పు ఒప్పుకున్నోన్ని ఏం చేస్తాం. నా మనసు ఏనాడో సల్లబడింది."

కుళ్లాయప్ప ఆ గుడ్డ పీలిక వైపు చూశాడు. ఇన్నాళ్లూ మోస్తున్న భయం ఆ పాదం ముందు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. పేరు పిలవగానే లోపలికి పోయి బోనెక్కాడు.

రేఖ అడిగింది: "పెడళ్ల ఎత్తు మార్చింది మీరేనా?"

"నేనే. తప్పు గూడా నాదే," అన్నాడు కుళ్లాయప్ప. ఆమె ఆపబోయింది. ఆయన ఆగలేదు. రాడ్, పిస్టన్, సందు, ఆయిల్ మరగడం, చల్లారితే మళ్లీ పట్టడం, సోమందేపల్లి ఫోను, లేపాక్షి రోడ్డు, అంతా చెప్పాడు. "ఆ అబ్బి తొక్కింది బ్రేకే సామీ. సంపింది నేను."

రామాంజినమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సర్కారు లాయరు నిదానంగా లేచాడు.

"ముద్దాయి నీకేమవుతాడు?"

"నా ఇంటిదాని తమ్ముడు."

"బ్రేకులు ఫస్టు క్లాసుగా ఉన్నాయని పోలీసులకు చెప్పావా లేదా?"

"చెప్పినా. అప్పుడు నాకి తెలీదు."

"తెలిశాక ఎవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదు సామీ."

"ఆ రాడ్ ఇప్పుడు ఎట్లా ఉంది?"

"నేనే సరిచేసినా."

"అంటే చూపించడానికి ఏమీ లేదు. ఆఫీసరు పదిసార్లు తొక్కితే పట్టిన బ్రేకు, ముద్దాయి తొక్కినప్పుడు మాత్రం పట్టలేదు. ముద్దాయే కాలు తప్పిందని ఊరంతా చెప్పుకుంటుంటే, బావగారికి ఏడాది తర్వాత జ్ఞాపకం వచ్చింది." ఆయన కూర్చున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మేజిస్ట్రేటు మాత్రం నవ్వలేదు. బోనులో అబద్ధం చెప్తే ఏమవుతుందో తెలుసా అని మందలించి, చుట్టరికం కోసం చెప్పిన మాటగా రాసుకున్నాడు.

నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దలన్నారు. ఎంత నిలకడో చెప్పలేదు. ఏడాది నిలబెడితే అబద్ధం ఇల్లు కట్టుకుని కాపురం పెట్టేస్తుంది, నిజం వచ్చి తలుపు తట్టినా తీసేవాడు ఉండడు.

బయట ఓబులేసు ఎదురొచ్చి కుళ్లాయప్ప మొహం మీదే ఉమ్మినంత పని చేశాడు. "పాపం చేసినోడు నిజం చెప్పినాడు. పెద్దమనిషివి నువ్వు, కోర్టులో నిలబడి అబద్ధం చెప్తివే! నా పెండ్లాము సావు నీకి ఆటగా ఉండాదా?"

పదిహేను రోజులకు తీర్పొచ్చింది. ఏడాది జైలు. పై కోర్టుకు పోతే బెయిలు వస్తుందని రేఖ ఎంత చెప్పినా ఉలిగప్ప వద్దన్నాడు. చేసినదానికి అనుభవించకపోతే హనుమక్క తన కలలో నుంచి పోదన్నాడు. మల్లిక వరండాలో కూలబడి ఏడుస్తోంది. కానిస్టేబుల్ కాగితాల కోసం ఎదురుచూస్తున్నాడు.

కుళ్లాయప్ప జనాన్ని తోసుకుంటూ పోయి ఉలిగప్ప రెండు భుజాలూ పట్టుకున్నాడు. "ఉలిగప్పా, నా మొహం చూడు. నేను చెప్పింది నిజం. నిజంగా నిజం. నువ్వు బ్రేకే తొక్కినావు. షెడ్డులో నీకి చెప్పిందే అబద్ధం. అప్పీలుకు పోదాం. నీ పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్లు ఎందుకు బావా," అన్నాడు ఉలిగప్ప. వాడి మొహంలో కోపం లేదు. ఏడాదిగా లేని నెమ్మది ఏదో ఉంది. "షెడ్డులో అడిగితే నా మొహం చూసి ఉన్నది ఉన్నట్లు చెప్తివి. ఆ మాటే నన్ను నిలబెట్టింది. ఇప్పుడు నన్ను ఇడిపించల్లని నీ పేరు, నీ పని, అంతా మన్నులో కలుపుకుంటివి. చాలు బావా. ఇంగ చెప్పొద్దు."

"నిజం రా!" అని అరిచాడు కుళ్లాయప్ప. "ఎవరన్నా నమ్మండి రా, నిజం!"

రామాంజినమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె ఆయనను అంత ప్రేమగా చూసింది లేదు. "ఊరుకోయ్యా. పోలీసోళ్లు ఇంటాండారు. మళ్లా నీ మీద గూడా కేసు పెడతారు. మా తమ్మునికి నువ్వు చేసింది చాలు, ఏడు జన్మలెత్తినా నీ రుణం తీర్చుకోలేను," అంది.

ఉలిగప్ప వంగి బావ కాళ్లకు దండం పెట్టాడు. కాగితాలు వచ్చాయి. కానిస్టేబుల్ వాణ్ణి జీపు వైపు నడిపించుకుపోతూ, ఆ అరుస్తున్నాయన ఎవరని అడిగాడు.

"మా బావ," అన్నాడు ఉలిగప్ప. "నా కోసం కోర్టులో అబద్ధం చెప్పినాడు సార్. ఎవరు చెప్తారు ఈ కాలంలో?"